ఎదురు నడక

పొద్దున్నే తాళం తీసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టుకుని కూర్చోవడంతో సలహా మేడమ్ రోజు మొదలయ్యేది. చదువులో చిక్కుపడ్డవాళ్లకి దారి చెప్పడం ఆవిడ ఉద్యోగం. చేరినవాళ్లలో సగానికి సగం డిగ్రీ చేతికి రాకుండానే జారిపోతున్నారని యూనివర్సిటీ పెద్దలు దిగులుపడి ఆ కొలువు కొత్తగా పెట్టారు. పాత భవనం మేడ మీద, వరండా చిట్టచివర, కెమిస్ట్రీ ల్యాబు పక్కన ఓ గది ఇచ్చారు.

ఆ వరండా సంగతి అందరికీ తెలిసిందే. ధీమాగా ఉన్నవాళ్లకి నాలుగడుగుల్లో అయిపోయేది. గుండెలో గుబులున్నవాళ్లకి సాగేది. ఎంత గుబులుంటే అంత. ఫలితాలొచ్చే రోజుల్లో దాన్ని ఊడవడం తనవల్ల కాదని తుడిచే ఆవిడ ముందే సెలవు చెప్పేసేది. పాత కట్టడాలన్నాక ఏదో ఒకటి ఉంటుంది, కొన్నింటికి కప్పు కారుతుంది, దీనికి ఇదీ అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడేవారు.

మొదట్లో మేడమ్ గదికి వచ్చినవాళ్లంతా మంచి మార్కులవాళ్లే. పై చదువులకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలని ఒకడు, రెండు పతకాలు ఒకేసారి పుచ్చుకోవచ్చా అని ఇంకొకతె. కడుపు నిండినవాళ్లకే మళ్లీ మళ్లీ వడ్డిస్తున్నట్టుండేది ఆవిడకి. ఇంట్లో తల్లి "ఉద్యోగం ఎలా ఉందే?" అంటే, ఈగలు తోలుకుంటున్నానని చెప్పడానికి నోరు రాక, బానే ఉందనేది.

ఒక మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చి చూస్తే ఎక్కడో దూరాన అగ్గిపుల్లంత మనిషి నడిచొస్తూ కనబడింది. భుజాన సంచీ, ఒంటి మీద బస్సు కండక్టరు యూనిఫాం. నడిచి నడిచి ఆగిపోయింది. గోడకి చేరగిలబడి కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. ఆ తరవాతా అంతే.

నాలుగోసారి మేడమ్‌కి కాలు నిలవలేదు. సాయం అక్కర్లేనివాళ్లకి చేరువలో, కావలసినవాళ్లకి అందనంత దూరంలో కూర్చుని ఉన్నానన్న సంగతి అప్పుడు తట్టింది. లేచి ఎదురు నడిచింది. రోజూ నాలుగడుగుల్లో దాటే వరండా ఆవేళ ఎంతకీ తరగలేదు. కష్టంలో ఉన్న మనిషి వైపు నడిస్తే ఆ మనిషి దూరమే మన దూరం కూడాను. సగం దారిలో చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని నడిచింది.

"నాకోసమేనా వస్తున్నారు?" అంది రొప్పుతూ.

"మీకోసమే మేడమ్. ఎంత నడిచినా అందడం లేదు."

ఇద్దరూ అక్కడే నేల మీద చతికిలబడ్డారు. క్లాసులో పిల్లలంతా ఆవిడని కండక్టరక్క అంటారు. ఇద్దరు పిల్లల తల్లి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బస్టాండు బెంచీ మీద చదువుకుని పేపర్లన్నీ గట్టెక్కింది. కెమిస్ట్రీ ల్యాబు ఒక్కటే మిగిలింది. అది పొద్దున పెడతారు, ఆవిడ డ్యూటీ కూడా పొద్దునే. ఈ ఏడాదీ తప్పితే చదివిందంతా నీళ్లపాలు, మళ్లీ మొదటినుంచీ చేరాల్సిందే.

"మానేద్దామంటే మా అత్తగారు ఊరుకోదు మేడమ్. నువ్వు పట్టా తెచ్చేదాకా వంటింటి గడప తొక్కకు, పిల్లల్ని నేను చూస్తానంటుంది. ఆవిడ మొహంలోకి చూడలేకపోతున్నాను."

మేడమ్ తిన్నగా కెమిస్ట్రీ పెద్దమాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఒక్కరికోసం సాయంత్రం ల్యాబు తెరవడం ఎన్నడూ లేదన్నాడు. మేడమ్ వాదన పెట్టుకోలేదు. కండక్టరక్కతో కలిసి ఒక్కసారి వరండాలో నడిచి రమ్మంది, అంతే.

నడిచాడు. ముందు ఎండల గురించి మాట్లాడాడు. కాసేపటికి మాట తగ్గింది. తరవాత మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు. ల్యాబు తలుపు ఇంకా చుక్కలా కనబడుతుండగానే కిటికీ గట్టు మీద కూలబడ్డాడు.

"రోజూ ఇంత దూరం నడుస్తున్నావామ్మా?"

"ఇవాళ మీరు పక్కనున్నారు కదా సార్. కాస్త తగ్గింది."

పై సోమవారం నుంచి ల్యాబు సాయంత్రాలు కూడా తెరుచుకుంది. ఒక్కరికోసం అనుకున్నారా, ఆసుపత్రి నర్సు, కొట్టు నడుపుకునే ఆయన, చంటిపిల్లల తల్లులు, ఎప్పుడో మానేశారనుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. స్టూళ్లు చాలక పక్క గదుల్లోంచి తెచ్చుకున్నారు. మేడమ్ కూడా తన బల్లా కుర్చీ మోయించుకుని మెట్ల దగ్గరికి, వరండా మొదట్లోకి మారిపోయింది. అక్కడినుంచి ఎవరు వెనక్కి తిరిగినా పిలవొచ్చు.

ల్యాబు పరీక్ష రోజున కండక్టరక్క బస్సు నడిరోడ్డు మీద మొరాయించింది. ప్రయాణికులందరినీ ఇంకో బస్సు ఎక్కించాకే ఆవిడ కదిలింది. మెట్లెక్కి పైకొచ్చేసరికి జుట్టంతా చెమటతో అంటుకుపోయింది. అవతలి కొసన పరీక్ష పెట్టే ఆయన తలుపు మూస్తున్నాడు. మూస్తే ఇక తీయరు. మామూలు మనిషి పరిగెత్తినా అందుకునే దూరం కాదు. మేడమ్ బల్ల వెనకనుంచి ఇవతలికి వచ్చింది.

కండక్టరక్క గడియారం వంక చూడలేదు. తలుపు వంకా చూడలేదు. నేర్చుకున్నదేదో నేర్చుకున్నాననే నిబ్బరం తప్ప ఆ మొహంలో ఇంకేం లేదు.

"వెళ్లొస్తా మేడమ్," అని అడుగు తీసింది. మెట్ల దగ్గర తీసిన అడుగు ల్యాబు గడప మీద పడింది. తలుపు ఆవిడ వెనక మూసుకుంది.

పట్టాలిచ్చే రోజున మునుపెన్నడూ లేనంతమంది పేర్లు పిలిచారు. చదివీ చదివీ పేర్లు పిలిచే ఆయన గొంతు బొంగురుపోయింది. ముందు వరసలో ఇద్దరు మనవల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని అత్తగారు, అటువాళ్లకీ ఇటువాళ్లకీ "మా కోడలు, కెమిస్ట్రీ" అని చెబుతూనే ఉంది. కోడలు వేదికెక్కగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హాలంతా ఆగిపోయాక, తరవాతి పేరు పిలిచాక కూడా ఆవిడ కొడుతూనే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. వెనక వరసలో సలహా మేడమ్ తనూ లేచి నిలబడింది.