ఒకటో బటన్

మా ఇంటి కారును నేను సవతి అనే పిలిచేదాన్ని. నిడివి తక్కువ, కాస్త ఎత్తుగా నిలబడే బండి. ముందు వెండి మూతి, లోపల తోలు సీట్లు, నెత్తిన అద్దాల కప్పు. చూసినవాళ్ళందరూ "అబ్బ" అనేవాళ్ళు. "పైన పటారం, లోన లొటారం" అని నేననేదాన్ని. మా ఆయనకు కోపం వచ్చేది కాదు. కాకి పిల్ల కాకికి ముద్దు మరి. పొద్దున్నే మెత్తటి గుడ్డ పట్టుకుని దాని మూతి తుడుస్తూ, "విన్నావుటే, నిన్ను మళ్ళీ తిడుతోంది" అని దానికి చాడీలు చెప్పేవారు.

నేనేం ఊరికే తిట్టలేదు. కొన్న ఏడాదిలోనే దాని రోగాలన్నీ బయటపడ్డాయి. మధ్యలో ఉన్న పెద్ద తెర ఉన్నట్టుండి నల్లబడిపోయేది. వాన పడితే అద్దాల కప్పులోంచి నా ఒళ్ళో చుక్కలు పడేవి. ఆయన వైపు ఒక్క చుక్క పడితే ఒట్టు. సిగ్నల్ దగ్గర ఆగిందంటే మళ్ళీ కదలడానికి మారాం చేసేది. స్టీరింగ్ వెనక మీటర్ల దగ్గర ముందు పసుపు లైటు వెలిగేది, ఆ వెనకే ఎర్రది. పరుగెత్తుకుంటూ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే రెండూ ఆరిపోయి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. మా ఇంట్లో కన్నా అక్కడే ఎక్కువ రోజులుండేది. "పుట్టింటికి వెళ్ళింది, వస్తుందిలే" అనేవారు ఆయన.

ఇవి చాలవన్నట్టు రీకాల్స్. తయారీలోనే పొరపాటు జరిగింది, బండి తీసుకొస్తే ఉచితంగా మార్చి ఇస్తాం అని కంపెనీ నుంచి ఫోన్. ఒకసారి పెట్రోలు పంపు అన్నారు, ఇంకోసారి ఎయిర్‌బ్యాగ్ అన్నారు. నాకు గుండె గుభేలుమనేది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, "చూశావా, ఎంత బాధ్యత గల కంపెనీయో" అంటూ, పేరంటానికి పిలిచినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవారు.

నేనూ పక్కన కూర్చునేదాన్ని. దారి పొడుగునా మాకు రెండే తగువులు. ఒకటి ఆయన స్పీడు. రెండోది మా ఇద్దరి సీట్ల మధ్యా ఉండే ఆర్మ్‌రెస్ట్. ఒక్క మోచేతికి సరిపోయే దిమ్మ అది. "ఇంత గొప్ప బండిలో ఇద్దరు మనుషులు చేతులు పెట్టుకోవడానికి చోటు లేదేమండీ" అనేదాన్ని. "నడిపేవాడికి కావాలి, నువ్వు ఒళ్ళో పెట్టుకో" అని ఆయన మోచేయి ఇటు జరిపేవారు. నేను అటు నెట్టేదాన్ని. సగం దారికి వచ్చేసరికి నోళ్ళు అలిసిపోయేవి. దిమ్మ మీద ఎవరి సగంలో వాళ్ళం ఉండేవాళ్ళం. ఆయన సగం ఎప్పుడూ పిసరంత పెద్దది.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. తల నొప్పి అని కూడా ఎప్పుడూ పడుకోని మనిషి. చెడిపోయి చెడిపోయి బండి బతికే ఉంది. దానికి నెలకో లైటు వెలిగేది. ఆయనకు ఒక్క లైటూ వెలగలేదు. వెలిగి ఉంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని కదా ఆసుపత్రికి! ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక బండి మీద చూపించాను. చాలా రోజులు దాని వంక చూడలేదు.

ఒక సాయంత్రం పార్కింగ్‌లోకి దిగి, దాన్ని నాలుగు మాటలు కడిగేద్దామనే వెళ్ళాను. తలుపు తీసి ఆయన సీట్లో కూర్చున్నాను. అప్పటిదాకా ఆ సీట్లో కూర్చున్న పాపాన పోలేదు, నాకు నడపడం రాదు. డ్రైవరు తలుపుకు మూడు బటన్లుంటాయి. ఎవరి సీటు కొలత వాళ్ళు అందులో దాచుకోవచ్చు. ఒకటి ఆయనది. రెండు మా అమ్మాయిది. మూడోది ఎవరిదీ కాదు. ఒకటి నొక్కాను. సీటు సన్నగా మూలుగుతూ వెనక్కి వెళ్ళింది, కాస్త కిందికి దిగింది, వీపు దగ్గర వాలింది. పక్క అద్దాలు రెండూ తల ఎత్తాయి. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. నా కాళ్ళు పెడల్స్‌కు అందలేదు. నా పాదానికీ పెడల్‌కూ మధ్య మిగిలిన జాగాని చూస్తూ కూర్చున్నాను. ఆ జాగా అంతా ఆయనే. తిట్టడానికి వెళ్ళినదాన్ని స్టీరింగ్ పట్టుకుని భోరున ఏడ్చాను.

ఆయన చొక్కాలు ఉతికితే వాసన పోయింది. ఫోటోల్లో నవ్వు ఫోటో తీసేవాడు నవ్వమంటే నవ్వింది. ఆయన ఇంత పొడుగు, ఇలా వాలి కూర్చుంటారు, ఇంత దూరం చూస్తారు అని తెలిసినది ఆ సీటొక్కటే. అప్పటినుంచి రోజూ సాయంత్రం దిగి అందులో కాసేపు కూర్చునేదాన్ని. ఆఫీసుకు ఆ బండి వేసుకెళ్ళే మా అమ్మాయికి ఒక చట్టం పెట్టాను. "నువ్వు రెండు నొక్కుకో, ఎక్కడికైనా వెళ్ళు. దిగేటప్పుడు మాత్రం ఒకటి నొక్కి దిగు." అది ఎందుకని అడగలేదు. ఒక్కరోజూ మర్చిపోలేదు.

అంతలో మళ్ళీ సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్. ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది.

"మేడం, మీ బండి మోడల్‌కు రీకాల్ వచ్చిందండీ. డ్రైవరు సీటు కింద వైర్లు రాసుకుపోయి నిప్పు రవ్వలు రావచ్చు. మార్చేదాకా బండిని ఇంటి కింద పెట్టకండి, బయట ఖాళీ స్థలంలో పెట్టండి."

"ఏం మారుస్తారమ్మా?"

"వైర్లు, సీటు కంట్రోల్ బాక్సు, మోటార్లు."

"మరి బటన్లలో దాచుకున్నవి?"

"అవి పోతాయండీ. మళ్ళీ సెట్ చేసుకోవచ్చు. సీట్లో కూర్చుని బటన్ నొక్కి పట్టుకోవడమే, అర నిమిషం పని."

"ఎవర్ని కూర్చోబెట్టమంటావమ్మా?" అన్నాను.

ఆ పిల్లకేం అర్థమవుతుంది పాపం. అటునుంచి "మేడం? మేడం?" అంటూంటే ఫోన్ పెట్టేశాను.

మా అమ్మాయికి చెప్పలేదు. బండిని మాత్రం, పార్కింగ్‌లో ఎలకలు చేరాయని సాకు చెప్పి, వీధి చివర ఖాళీ జాగాలో పెట్టించాను. సాయంత్రం పూట అక్కడికే నడిచి వెళ్ళి కూర్చునేదాన్ని. రవ్వలు వస్తే రానీ, ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందేగా అనుకునేదాన్ని. ఆ సర్వీస్ సెంటర్ పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి మా అమ్మాయికి.

అది ఆ రోజు బండి వదిలి ఆఫీసుకు వెళ్ళింది. ఆటోలో నేరుగా ఆ ఖాళీ జాగాకు వచ్చింది. నేను సీట్లోనే ఉన్నాను. తలుపు లాగి తీసింది.

"దిగమ్మా."

"కాసేపుండి దిగుతానే."

"అది నిప్పంటుకునే సీటు! రోజూ నేను దీనిలో నీ మనవరాలిని స్కూల్లో దింపుతున్నాను. నీకు తెలిసి కూడా చెప్పలేదు."

ఆ మాట సూటిగా తగిలింది. నన్ను నేను తగలబెట్టుకోవడం వరకే ఆలోచించాను. వెనక సీట్లో కూర్చునే పసిదాని మాట నాకు తట్టనే లేదు. దుఃఖం మనిషిని ఇంత గుడ్డిదాన్ని చేస్తుందా అని సిగ్గేసింది.

"మీ నాన్న అందులో ఉన్నారే," అన్నాను చివరికి.

"నాకు మాత్రం తెలియదా?" అంది. "రోజూ ఒకటి నొక్కి, సీటు వెనక్కి వెళ్ళేదాకా పక్కనే నిలబడి చూస్తాను. ఆయన వచ్చి సర్దుకుని కూర్చుంటున్నట్టు ఉంటుంది. నాకూ నాన్నేనమ్మా."

ఇద్దరం ఆ బండి పక్కన నిలబడి ఏడ్చాం. మర్నాడు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాం.

అక్కడ పని చేసే మెకానిక్ మంచి పొడగరి. ఈ బండికి అతను పాత చుట్టం, దాని రోగాలన్నీ అతని చేతి మీదే నడిచాయి. అందుకే మా ఆయనా తెలుసు. నేను చెప్పింది అంతా తల వంచుకుని విన్నాడు.

"సార్ కొలతేగా అమ్మగారూ. సీటు కింది పట్టాల మీద సుద్దతో గీత పెడతాను. వాలుకు ఒకటి, ఎత్తుకు ఒకటి. కొత్తవి బిగించాక గీతలకు తెచ్చి ఆపుతాను. వెంట్రుకవాసి తేడా రానివ్వను."

నా ఎదురుగానే ఒకటో బటన్ నొక్కి గీతలు పెట్టాడు. అద్దాల గోడ ఇవతల సోఫాలో కూర్చుని, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని చూస్తూ ఉన్నాను. సీటును విప్పి బయటికి తీశారు. పెళ్ళినాటి నుంచీ ఎన్నిసార్లు ఆయన కోసం ఇలా బయట కూర్చుని ఎదురుచూశానో, ఆసుపత్రిలో ఒక్కసారి కూడా కూర్చోనివ్వకుండా వెళ్ళిపోయారు కదా అనిపించింది.

మధ్యాహ్నానికి పిలిచారు. బండి తళతళలాడుతోంది. మెకానిక్ ముఖం మాత్రం మాడిపోయి ఉంది.

"అమ్మగారూ, నేను భోజనానికి వెళ్ళాను. ఈలోగా కడిగేవాళ్ళు వచ్చి లోపలంతా శుభ్రం చేశారు. రీకాల్ బళ్ళకు ఉచితమండీ, అడక్కుండానే చేస్తారు. పట్టాలు కూడా తుడిచేశారు."

గోరుచుట్టు మీద రోకటి పోటు. సుద్ద పొడి కూడా మిగల్లేదు. ఇన్నాళ్ళూ ఈ బండికి అరకొర పని చేసినవాళ్ళు, ఇవాళే శుభ్రంగా చెయ్యాలా! అరుద్దామని నోరు తెరిచాను. అతను అప్పటికే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను పెడతాను జరుగు," అని ఆయన సీట్లో కూర్చున్నాను. అన్ని సాయంత్రాలు చూసిన జాగా కదా, నాకు తెలియదా అనుకున్నాను. మీట నొక్కి వెనక్కి జరిపాను. ఇదే అనిపించింది. ఇంకొంచెం జరిపితే అదీ ఆయనే అనిపించింది. ముందుకు తెస్తే అప్పుడూ కాదనిపించలేదు. పాదానికీ పెడల్‌కూ మధ్య జాగా ఎంత పెట్టినా ఉత్త జాగాలాగే ఉంది. మా అమ్మాయి వంక చూశాను. అది తల అడ్డంగా ఊపింది. నా మొగుడి కొలత నాకే తెలియదు. ఆయన మళ్ళీ పోయారు, ఈసారి నా తలలోంచి.

"నేను కూర్చోనా అమ్మగారూ? సార్ అంత పొడుగుంటాను," అన్నాడు మెకానిక్, నెమ్మదిగా.

దిగి అతనికి చోటిచ్చాను. నిలబడే ఓపిక లేదు. బండి చుట్టూ తిరిగి వచ్చి, ఇటు తలుపు తీసి నా సీట్లో కూలబడ్డాను. ఆయన పోయాక అందులో కూర్చోవడం అదే మొదలు. మోచేయి దానంతటదే ఆర్మ్‌రెస్ట్ మీదికి వెళ్ళింది. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ తప్పు చోట వెతికాను. ఆయన సీట్లోంచి ఆయన్ని నేనెప్పుడు చూశాను కనక? చూసిందంతా ఈ పక్కనుంచే కదా.

"చేతులు స్టీరింగ్ మీద పెట్టు బాబూ. ఇటువైపు మోచేయి దీని మీద ఆనించు."

అతను మొహమాటపడుతూ ఆనించాడు. ఎక్కడో ముందుంది.

"వెనక్కి జరుపు. ఇంకా. ఇంకొంచెం కిందికి. అబ్బే, అంత కాదు, పైకి రా. కాస్త వాలు. ఆ బెల్టు నీ చెవి వెనక నుంచి దిగాలి. ఇంకో పిసరు వెనక్కి..."

మోటారు మూలిగింది. అతని మోచేతి ఎముక వచ్చి నా మోచేతికి తగిలింది. సరిగ్గా అక్కడే. నా సగంలోకి పిసరంత చొరబడి.

"ఆగు," అన్నాను. "ఇదే."

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. పక్కన ఉన్నది ఎవరో నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం తల తిప్పి చూడలేదు. వెనక సీట్లో చేరిన మా అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. మెకానిక్ ఒకటో బటన్ నొక్కి పట్టుకున్నాడు. కీచుమని చిన్న శబ్దం వచ్చింది.

"దాచుకుందండీ," అన్నాడు. కానీ మోచేయి తియ్యలేదు. నేను చెప్పేదాకా తియ్యకూడదనుకున్నట్టున్నాడు.

"ఇక దిగు నాయనా. నీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి."

అతను దిగాడు. సీటు ఆయనంత వెనక్కి, ఆయనంత వాలుగా ఉంది. ఖాళీగా ఉంది. అంతా కుదిరాక గానీ ఆ ఖాళీ ఎంతో నాకు తెలిసిరాలేదు. కొలత దొరికితే కాస్త ఊరట కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

మా అమ్మాయి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. దాని పొట్టి కాళ్ళు నా పోలికే. పెడల్స్‌కు అందడం లేదు. తాళం చేతిలో పట్టుకుని నా వంక చూసింది.

"అమ్మా, జరపనా?"

"జరుపుకోవే. ఇల్లు చేరాలిగా."

సీటు ముందుకు కదులుతుంటే కిటికీ వైపు తిరిగి, కడిగిన నేల మీద పారుతున్న నీళ్ళను చూశాను. శబ్దం ఆగాక ఇటు తిరిగాను. బండి రోడ్డెక్కింది. ఏ లైటూ వెలగలేదు, ఏ రోగమూ బయటపెట్టలేదు, ఎన్నడూ లేనంత బుద్ధిగా నడిచింది. మా అమ్మాయి రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టి నడుపుతుంది. మా తగువు దానికీ తెలుసు.

"దిమ్మంతా నీదేనమ్మా. హాయిగా పెట్టుకో," అంది.

ఇన్నేళ్ళూ దానికోసమే పోట్లాడాను. సరే, పెట్టుకుందామని మోచేయి అటు జరిపాను. ఏదీ అడ్డం తగల్లేదు. మళ్ళీ నా సగంలోకి తెచ్చుకుని, ఇల్లు చేరేదాకా అక్కడే ఉంచాను.