చేపల కింది చుక్క

సాసర్ అడుగున ఏ ముద్ర ఉందో చూడాలన్న సరదా ఆయనకు కాఫీ ఒలికాక గాని తీరలేదు.

"కొత్తది కదా, ఎవరు చేశారోనని..." అన్నాడు తడిసిన చొక్కా దులుపుకుంటూ.

"కప్పు పక్కన పెట్టి తిప్పొచ్చుగా," అంది భార్య. "పెళ్ళినాడు నన్ను తిరగేసి చూడలేదు, అదే పదివేలు."

కూతురు గుడ్డ తెచ్చే నెపంతో నవ్వు దాచుకుని లోపలికి వెళ్ళింది.

పాత పింగాణీ సామాను అమ్మే దుకాణంలో ఆయనది ముప్పై ఏళ్ళ కొలువు. పళ్ళేన్ని బోర్లించి, అడుగున ఉన్న ముద్రను బట్టి అది ఎవరు చేసిందో, ఏ కాలానిదో చెప్పాలి. అందరూ ముద్రల మాస్టారు అంటారు. ఆ పేరు తెచ్చిపెట్టింది జంట చేపల ముద్ర. అది ఎవరిదో ఎవరికీ అంతుపట్టని రోజుల్లో, 'జంట చేపల కార్ఖానా' ఒకటి ఉండేదని తేల్చింది ఆయనే. కొనేవాళ్ళు ఇప్పటికీ ఆ మాట పట్టుకునే వస్తారు. ఈ ఏటి అమ్మకాల జాబితాలో ఆ పళ్ళేలు నలభై. ఇవాళ సాయంత్రం అది అచ్చుకు వెళ్ళాలి.

వెనక తొట్టి దగ్గర పళ్ళేలు కడిగే ఆమెను దుకాణమంతా సబ్బమ్మ అంటుంది. మధ్యాహ్నం ఆమె ఒక పళ్ళెం తుడుచుకుంటూ తెచ్చింది. అడుగున ఒక్క చేపే ఉంది.

"రెండోది ఏదీ?"

"పోయిందండి. ఇవాళ చెయ్యి కాస్త గట్టిగా పడింది."

"ముద్ర పోవడమేమిటి?"

"చేపలెప్పుడూ అంతేనండి. మీరు తిడతారని ఇన్నాళ్ళూ మెత్తగా తోముతున్నా. ఈ నీలం చుక్క మాత్రం ఏం చేసినా పోదు."

ఆయన భూతద్దం తీయబోయి, మానేసి, గోటితో తడిమాడు. చేప గోటికి తగిలింది. చుక్క తగల్లేదు. నున్నటి మెరుగుపూత కింద భద్రంగా ఉంది. చేసినవాడు తన గుర్తు పెట్టాకే మెరుగు పూసి కాలుస్తాడు. ఓడలో తెప్పించి అమ్మినవాడు తన గుర్తు ఆ పైన అద్దుకుంటాడు. కుంచె జారిన మరక అనుకుని ముప్పై ఏళ్ళుగా తాను తోసేసిన చుక్కే చేసినవాడి సంతకం. చేపలు ఒట్టి వర్తకుడివి. కార్ఖానా లేనే లేదు.

అల్మారాలోంచి ఇంకో పది దించి తడిమాడు. అన్నిటికీ అదే చుక్క.

నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. ఆయన జాబితా కాగితాలు ముందుకు లాక్కున్నాడు. యజమాని గదిలోకి వెళ్ళేసరికి నలభై చోట్ల ఎర్ర సిరా కొట్టివేతలున్నాయి.

"మీ పేరు పోతుంది మాస్టారూ," అన్నాడు యజమాని.

"పైన అద్దిందే కదండీ. పోతుంది," అన్నాడాయన.

రాత్రి భోజనాల దగ్గర సంగతంతా విని, "మరి ఉద్యోగం నాన్నా?" అంది కూతురు.

"రేపట్నుంచి నా కుర్చీలో సబ్బమ్మగారు కూర్చుంటారు. యజమాని సరేనన్నాడు."

"ఆవిడ ఒప్పుకుందా?"

"వేళ్ళు నానిపోయాయి, కాస్త ఆరనివ్వండి అంది."

"మీరేం చేస్తారు?" అంది భార్య.

"తొట్టి దగ్గరుంటా. కడగడం నేర్చుకుంటా."

ఆవిడ ఎగాదిగా చూసింది. ఇంట్లో చెంచా కడిగిన మనిషి కాదు.

"రేపటిదాకా ఎందుకులెండి," అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది. వెనకే కూతురూ లేచింది. బల్ల మీద మూడు ఎంగిలి పళ్ళేలూ, అడుగంటిన కూరగిన్నే మిగిలాయి.