నలభై రెండు అంగుళాలు

గౌన్లు ఏడు. ఏడూ నేను కుట్టినవే. చేతులు లోపలికి మడిచి, నలగకుండా ఒకదానిమీద ఒకటి సంచిలో పెడుతున్నాను. నాలుగు పెట్టేసరికే సంచి నిండిపోయింది. అరచేత్తో అదిమి ఐదోది కుక్కాను.

"ఒక్క మనిషికి ఎంత గుడ్డ పట్టిందో చూశావా అక్కా?" అంది చెల్లి, గుమ్మానికి ఆనుకుని.

"అక్కడ చలి ఎక్కువంటారు. ఉండనీ" అన్నాను తలెత్తకుండా.

ఆమె పది గంటల బస్సుకి వెళ్ళాలి. పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణ, రెండేళ్ళు. సెలవులకి వస్తానంది. నాలుగు రోజుల నుంచి ఆ మాటే నాకు అన్నం, నీళ్ళు. అమ్మ పోయేనాటికి ఆమెకి ఆరేళ్ళు, నాకు ఇరవై రెండు. అప్పటినుంచి పెంచింది నేనే.

మా ముందుగదే మా దుకాణం. ఆడవాళ్ళ బట్టలు కుట్టేదాన్ని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ నేను టేపక్కనే. నేను టేపు చుట్టి అంకె పైకి చెబితే, చెల్లి బల్ల దగ్గర కూర్చుని కొలతల పుస్తకంలో రాసేది. చెప్పేది ఒంటి కొలత. లూజు నాలుగంగుళాలు కత్తెర పట్టుకున్నప్పుడు కలుపుకుంటాం. ఇది నాన్న బతికుండగా పెట్టిన పద్ధతి. ఇంకో కట్టుబాటు కూడా ఆయనదే: కుట్టేవాళ్ళు తమని తాము కొలుచుకోకూడదు. చెయ్యెత్తితే భుజం లేస్తుంది, వంగి చూస్తే నడుము మారుతుంది, అంకె తప్పుతుంది. ఒకరినొకరు కొలవాలి. అందుకని నన్ను చెల్లి కొలిచేది, చెల్లిని నేను.

అందరికీ ఉన్న అంకె చెప్పాను. చెల్లికి మాత్రం పది కలిపి చెప్పాను. ఛాతీ చుట్టూ టేపు మీద ముప్పై రెండు కనబడుతుంటే నోటితో నలభై రెండు అన్నాను. ఆమె తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఎనిమిదేళ్ళు అలా రాసుకుంది.

ఎందుకో చెప్పాలి. మా ఇద్దరికీ మధ్య ఇంకో చెల్లెలు ఉంది. దానికి ఒకసారి నడుము దగ్గర ఒంటికి పట్టినట్టు గౌను కుట్టాను. నా చేతిపనికి నేనే మురిసిపోయాను. వీధంతా చూసింది. ఫోటోలు తీసుకుంటూ తిరిగే ఒకతను అందరికంటే ఎక్కువసేపు చూశాడు. నెల తిరక్కుండా ఇద్దరూ వెళ్ళిపోయారు. తర్వాత అది వచ్చింది, ఇప్పటికీ వచ్చి పోతూనే ఉంటుంది. కానీ ఆ మొదటి రెండేళ్ళు నేను గేటు చప్పుడైతే చాలు, మిషను ఆపి లేచేదాన్ని. అప్పుడు చిన్నదానికి పద్నాలుగేళ్ళు. దీన్ని ఎవరూ చూడకూడదు అనుకున్నాను. చూస్తే తీసుకుపోతారు.

లూజు గౌన్లు కుడితే సరిపోయేది కదా అని మీరడగచ్చు. సరిపోదు. ఎందుకింత లూజు అని పిల్ల అడుగుతుంది. నీ ఒళ్ళే అంత అంటే ఇంక అడగదు.

అడగలేదు కూడా. వెడల్పాటి వాకిలి ఉన్నా పక్కకి తిరిగి దాటేది. బెంచీ మీద కొసకి కూర్చునేది, అదీ ముందు చేత్తో ఊపి చూసి. పిల్లలు ఆమెకి గుడారం అని పేరు పెట్టారు. "గుడారం వస్తోంది, తాళ్ళు పట్టుకోండ్రా!" అని అరిచేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. మా వీధి బేకరీ వదిన తన మరిదికి చెల్లిని అడుగుతూ పెళ్ళి మాట కదిపితే, "బేకరీ కదా, పిండి ముద్ద అంటే ఇష్టం కాబోలు" అని తన మీద తనే జోకు వేసుకుని లోపలికి పోయింది. నేను మిషను తొక్కుతూ కూర్చున్నాను. సంబంధం తప్పిపోయినందుకు ఆ రోజు నాకు హాయిగా ఉంది. ఈ మాట ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రి వాళ్ళు యూనిఫారానికి కొలతలు పంపమన్నారు. చెల్లి పుస్తకం చూసి నలభై రెండు అని రాసి పంపింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆపితే ఎందుకో చెప్పాలి. వెళ్ళే ముందురోజు యూనిఫారం తెచ్చుకోవడానికి వెళ్ళింది. ఎలా ఉందని అడిగితే, "సరిచేసి ఇచ్చారు" అంది, అంతే. రెండో మాట అడగలేకపోయాను.

మర్నాడు ఇలా సంచి సర్దుతుంటే బేకరీ వదిన ట్రయలుకి వచ్చింది. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ.

"ఏమ్మా నర్సమ్మా, సూది గుచ్చేటప్పుడు మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా?"

"మీకైతే పెద్ద సూది దాచి పెడతా వదినా."

"దీని నోరు చూడు టేపక్కా! మరి ముక్కు ఎర్రబడిందేంటి నీకు? ఏడుస్తున్నావా?"

"సుద్దపొడి" అన్నాను.

చెల్లి బల్ల దగ్గరికెళ్ళి పుస్తకం తెరిచింది. పెన్ను తీసింది. "అక్కా, వెళ్ళేముందు నా కొలత ఒకసారి చూడు. రాసి పెట్టి పోతా. నేను సెలవులకి వచ్చేసరికి కొత్త గౌను కుట్టి ఉంచాలిగా."

సెలవులకి వచ్చేసరికి. ఆ మాట వినగానే నాకు ఒంట్లో సత్తువ వచ్చింది. టేపు తీసి ఆమె చుట్టూ వేశాను. యూనిఫారం మీద కోటు తొడుక్కుని ఉంది, బొత్తాలు విప్పింది. ముప్పై రెండు.

నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం ఎప్పుడూ రాలేదు. ఒక అంకె చెబితే చాలు. కానీ పక్కనే వదిన ఉంది, నలభై అంగుళాల మనిషి. చెబితే ఎనిమిదేళ్ళ సంగతి ఆ గదిలోనే బయటపడుతుంది. వెళ్ళిరానీ, సెలవుల్లో నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను.

"నలభై రెండు" అన్నాను.

"హారి దేవుడా!" అంది వదిన. "నాకంటేనా? నాలోంచి ఇలాంటివాళ్ళని ఇద్దరిని తీయొచ్చు. కళ్ళజోడు మార్చు టేపక్కా."

చెల్లి రాసింది. నలభై రెండు. అంకె కింద గీత గీసింది. పెన్ను మూత పెట్టి, అప్పుడు మాట్లాడింది.

"నిన్న ఆసుపత్రి టైలరు తాతగారు కొలిచారు. నువ్వు పంపిన కొలతకి కుట్టిన గౌన్లో ముగ్గురు నర్సులు పడతారమ్మా, ఈ కొలత ఎవరిచ్చారు అని అడిగారు. మా అక్క అన్నాను. మీ అక్కకి టేపు చదవడం రాదా అన్నారు. వస్తుంది, వీధిలో అందరికంటే బాగా చదువుతుంది అన్నాను."

నేను టేపు వేలికి చుట్టుకుంటున్నాను.

"పొద్దున్నుంచీ అనుకుంటున్నా, పొరపాటేమోనని. నాన్న చెప్పాడని నన్ను నేను కొలుచుకోలేదు చూడు, నాదే బుద్ధి తక్కువ. ఇంకొక్కసారి అడుగుదాం, ఇప్పుడు సరిగ్గా చెబితే పొరపాటే అనుకుందాం అనుకున్నా."

"వదిన ఉందని..." అన్నాను.

"ఆవిడ ఎనిమిదేళ్ళూ ఉందా?"

బేకరీ వదిన ట్రయలు గౌను విప్పకుండానే, పిన్నులతో సహా, మెల్లగా బయటికి నడిచింది. ఆమె మౌనంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నిన్ను కాపాడుకుందామనే" అన్నాను.

"ఎవరి నుంచి? రాత్రి అద్దం ముందు నిలబడ్డాను అక్కా. టైలరు తాతగారు చెప్పాక కూడా నాకు అందులో లావు మనిషే కనబడింది. ఇంకెప్పుడు పోతుందో నాకు తెలీదు. అది నువ్వు కుట్టిందే."

సంచిలోంచి ఐదు గౌన్లూ తీసి కుర్చీ మీద పెట్టింది, విసరలేదు. దువ్వెన, సబ్బు, తువ్వాలు, యూనిఫారం రెండో జత మాత్రమే సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర అలవాటుగా పక్కకి తిరిగింది. తిరిగినట్టు తనకే తెలిసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నేరుగా నిలబడి దాటింది.

"సెలవులకి..." అన్నాను.

"బస్సుకి టైమైంది" అంది.

మొదట్లో వారానికో ఉత్తరం రాశాను. తర్వాత నెలకొకటి. శిక్షణ పూర్తయిందనీ, వేరే ఆసుపత్రికి మారిందనీ, పెళ్ళయిందనీ మధ్య చెల్లి చెప్పింది. దానికి మాత్రం జవాబులు వెళ్ళేవి.

నా చిన్న చెల్లి పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, మార్చి నాలుగో తేదీ, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఇల్లు దాటింది. మళ్ళీ రాలేదు.