నిలబడ్డ కాలి కొలత

నేను ఒక చెప్పుని. ఎడమకాలిది. నాకో జత ఉంది గానీ, మమ్మల్ని పక్కపక్కన పెడితే జత అని ఎవరూ అనరు. కుడిది ఏడో నంబరు, పల్చటి అడుగు. నేను నాలుగో నంబరు, నా అడుగు అంగుళంన్నర ఎత్తు.

మా యజమానురాలు హైమావతి గారు జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్. పుట్టుకతోనే ఆవిడ ఎడమకాలు పొట్టి. పోయిన పంద్రాగస్టుకు డ్రిల్లు మాస్టారి చెయ్యి పట్టుకుని జెండా దాకా నడిచారు. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకూడదని ఆవిడ పంతం.

మనుషులది చిత్రమైన నమ్మకం. ఫోన్లో దొరకనిది లోకంలోనే లేదనుకుంటారు. ఆవిడా వేలితో జరుపుతూ జరుపుతూ వేల చెప్పులు చూశారట. ఏది నొక్కినా ఒక్కటే సైజు అడిగేది. రెండు జతలు తెప్పించి చెరొకటీ తొడిగి చూస్తే ఎత్తు కుదరలేదు. వాపసు పంపబోతే కారణం చెప్పమంది. రంగు నచ్చలేదు, తెగిపోయి వచ్చింది, సైజు కుదరలేదు, అన్నీ ఉన్నాయి. ‘నా కాళ్లు రెండూ ఒకటి కావు’ అన్న వరుస మాత్రం లేదు. చివరికి ‘ఇతర కారణాలు’ నొక్కారట.

ఆ మర్నాడే బాపట్ల బస్టాండు గోడ పక్కన చెప్పులు కుట్టే ఏసోబు దగ్గరికి వచ్చారు. పంద్రాగస్టుకు కావాలని చెప్పి, స్టూలు మీద కూర్చుని కాలు చాపారు.

“కూచున్న కాలు వేరు, నిలబడ్డ కాలు వేరమ్మా. లెగండి,” అన్నాడు ఏసోబు.

ఆవిడ గోడ పట్టుకుని లేచారు. ఏసోబు ఆ కాలి కింద తోలుముక్కలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాడు.

“నేల తగిలిందా అమ్మా?”

“లేదు బాబాయ్.”

ఏడో ముక్కకు ఆవిడ గోడ మీంచి చెయ్యి తీసేశారు. నలభై ఆరేళ్లకు మొదటిసారి ఆవిడ భుజాలు రెండూ ఒకే ఎత్తున నిలిచాయి. ఆ ఏడు ముక్కలే నేను. ఒక మనిషి బరువు నమ్మకంగా నా మీదికి దిగడం అదే మొదలు.

పంద్రాగస్టు పొద్దున లెక్కల టీచరు నన్ను చూసి ముచ్చటపడ్డారు. “లింకు పంపండి మేడం, మా అత్తగారికీ తెప్పిస్తా.”

“లింకు లేదండీ. కాలు పట్టుకెళ్లాలి,” అని నవ్వి, హైమావతి గారు వరండా దిగారు.

ఆరువందలమంది పిల్లల ముందు, ఎవరి చెయ్యీ లేకుండా నడిచాం. నా గర్వం ఇంతా అంతా కాదు. జెండా కర్ర చుట్టూ వేసిన ముగ్గు దగ్గరికి వచ్చి ఆగిపోయాం. అక్కడ టీచర్ల చెప్పులన్నీ విడిచి ఉన్నాయి. జెండా దగ్గరికి చెప్పులతో ఎవరు వెళ్తారు? అన్ని కొలతలు తీసిన ఏసోబుకు గానీ, పోయినేడూ చెప్పులు విడిచే వెళ్లిన ఆవిడకు గానీ ఈ సంగతి తట్టనే లేదు.

“ఉంచేసుకోండి మేడం, ఎవరూ ఏమనుకోరు,” అన్నారు డ్రిల్లు మాస్టారు. అంటూనే అలవాటుగా చెయ్యి అందించారు.

ఆవిడ ఆ చెయ్యి వంక చూశారు. తర్వాత నన్ను విడిచారు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ ఒరిగిపోతారనే అనుకున్నాను. కానీ ఎడమ మడమ పైకెత్తి, మునివేళ్ల మీద, నెమ్మదిగా పది అడుగులూ నడిచారు. తాడు లాగారు, జెండా విచ్చుకుంది. జాతీయగీతం అయ్యేదాకా ఆ మడమ అంగుళంన్నర ఎత్తున గాలిలో అలాగే నిలిచింది. కింద నేను లేను, ఏ ముక్కా లేదు. ఆ ఎత్తంతా నాదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

తిరిగొచ్చి నాలో పెట్టిన కాలు గడగడా వణుకుతోంది. ఆ కాలికి నేను తగిన చెప్పునేనా అని నాకు మొదటిసారి భయం వేసింది.