కొక్కెం కర్ర

ఆ వీధిలో ఏడిళ్ళు. ఆరిళ్ళకి ఏదో ఒక వంతు ఉంది. టెరెల్ బ్రూసార్డ్ ఇంటికి లేదు.

టెరెల్ భార్య యోలాండా అమెరికా వాయుసేనలో సార్జెంటు. విమానాల ఇంజన్లు విప్పి బిగించడం ఆమె పని. అక్టోబరులో జపాన్ ఉత్తరపు కొసనున్న ఎయిర్ బేస్‌కి మూడేళ్ళ పోస్టింగు వేశారు. బేస్ లోపల ఇళ్ళు ఖాళీ లేవంటే, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, ఊళ్ళోనే ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఆరేళ్ళ కూతురు పెర్ల్ వారం తిరక్కుండానే బడిలో నలుగురు స్నేహితుల్ని సంపాదించుకుంది. యోలాండాకి డ్యూటీ సరేసరి. మిగిలింది టెరెల్.

లూసియానాలో అతను స్కూలు ఫుట్‌బాల్ కోచ్. బజార్లోకి వెళ్తే పదిమంది 'కోచ్ గారూ' అని పలకరించేవాళ్ళు. ఇక్కడ అతన్ని పలకరించేవి గుమ్మాలే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఏ గదిలోకి వెళ్ళినా ముందు నుదురు తగిలేది, తరవాత తను వెళ్ళేవాడు. నవంబరు వచ్చేసరికి ఆ బొప్పి వీధిలో అందరికీ అలవాటైపోయింది.

వారానికోసారి వంతుల అట్ట ఇంటింటికీ తిరుగుతుంది. వీధివాళ్ళంతా చెత్త సంచులు పెట్టే గూడు ఎవరు కడగాలి, మంచు పడ్డ రోజు దాన్ని వీధి పక్కనున్న మూతల కాలవలోకి ఎవరు ఎప్పుడు ఎత్తిపొయ్యాలి, అన్నీ అందులో గళ్ళు గీసి రాసుంటాయి. అట్ట రాగానే టెరెల్ తన గడి వెతుక్కునేవాడు. ప్రతిసారీ అందులో ఇంగ్లీషులో ఒకటే మాట, 'అతిథి'.

వీధి పెద్ద ఒసనాయి గారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళాడు. ఆయన ముప్పయ్యేళ్ళు బేస్ క్యాంటీన్లో వంట చేసి రిటైరైన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు.

"నాకూ ఒక వంతు వెయ్యండి సార్. ఏదైనా సరే, చెత్త గూడు కడుగుతాను."

"అయ్యయ్యో, మీకెందుకండీ ఆ శ్రమ? మీరు అతిథులు," అన్నారాయన చేతులూపుతూ. "బేస్ వాళ్ళు మూడేళ్ళకి వెళ్ళిపోతారు కదా."

అంత మర్యాదగా గెంటేస్తే మనిషి ఎవరితో పోట్లాడతాడు?

వీధి చివర తొకి బామ్మ ఉండేది. డెబ్భై తొమ్మిదేళ్ళు, ఒంటరి ప్రాణం. పొద్దున్నే ఆరింటికి మునిసిపాలిటీ వాళ్ళు మంచు కొట్టుకుపోయేలా కాలవలోకి ఏటి నీళ్ళు వదిలే వేళకి, ఆవిడ తనకంటే రెండింతలు పొడుగున్న కొక్కెం కర్ర పట్టుకుని కాలవ కొసనున్న ఇనప జల్లెడ దగ్గర నిలబడేది. అడ్డం పడ్డ మంచుగడ్డల్ని కొక్కేనికి తగిలించి పక్కకి లాగేది. టెరెల్ చూడలేక ఒకరోజు వెళ్ళి కర్ర అందుకోబోయాడు. బామ్మ దాన్ని వెనక్కి లాక్కుని ఏదో అరిచింది. ఆవిడ యాస పక్క ఊరివాళ్ళకే అంతంతమాత్రంగా అర్థమవుతుంది, ఇతనికేం అర్థమవుతుంది? కర్రతో పొడవకముందే ఇంటికొచ్చేశాడు.

"చూడు, లోపల ఇల్లు దొరకగానే వెళ్ళిపోదాం," అంది యోలాండా ఫిబ్రవరి మొదట్లో. "లోపలైతే కుర్రాళ్ళకి ఆట నేర్పుకుంటావు. ఇక్కడ గోడలు చూస్తూ కూర్చుని చిక్కిపోతున్నావ్."

"రెండు కేజీలు పెరిగాను."

"మొహం చిక్కింది."

అది నిజమే. కానీ నాలుగు నెలలు కూర్చుని, ఏడిళ్ళ వీధిలో ఒక్క గడి సంపాదించుకోలేక కంచె లోపలికి వెళ్ళిపోవడమంటే టెరెల్‌కి తల కొట్టేసినట్టుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనని మనిషిగా లెక్కేస్తే చాలనుకున్నాడు.

ఆ అవకాశం ఒక గురువారం దానంతటదే వచ్చింది. రాత్రంతా మంచు పడి, తెల్లారేసరికి గేట్లు మునిగిపోయాయి. యోలాండా నైట్ డ్యూటీలో ఉంది. నాలుగున్నరకి మెలకువొచ్చి కిటికీలోంచి చూసిన టెరెల్‌కి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు సాధారణంగా అతనికి ఆ టైములోనే వస్తాయి, అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేచి ఉండరు కాబట్టి.

పార తీసుకుని బయటపడ్డాడు. తమ గుమ్మం ముందు ఎత్తేశాడు. పక్కింటి ముందు ఎత్తేశాడు. ఎదురింటి ముందు ఎత్తేశాడు. వరసగా కాలవ మూతలు తెరిచి, ఏడిళ్ళ మంచునీ అందులో పోసి, పైనుంచి పారతో బాది మరీ సర్ది, మూతలు వేశాడు. ఆరుకి పది నిమిషాలుండగా పని పూర్తయింది. వీధి అద్దంలా ఉంది. ఇక అందరూ లేచి ఆశ్చర్యపోవడమే తరువాయి అనుకుంటూ, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

ఆశ్చర్యపోయారు.

అట్టలో ఎవరికి ఏ టైము వేశారో, ఎందుకు వేశారో టెరెల్‌కి తట్టలేదు. నీళ్ళు పారుతున్నప్పుడు, ఒకరి తరవాత ఒకరు, కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఎండు కాలవలో ఏడిళ్ళ మంచు కూరితే అది సిమెంటుతో సమానం. ఆరింటికి నీళ్ళు వచ్చాయి, దారి దొరక్క పల్లంలో పైకి తన్నాయి. ఆ వీధిలో పల్లమంటే తొకి బామ్మ ఇల్లే. మూత టప్పున ఎగిరింది. నీళ్ళు నేరుగా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, చెప్పుల అరలో ఉన్నవాటినన్నింటినీ బయటికి తెచ్చాయి. ముందు రెండు జతల చెప్పులు తేలుతూ వచ్చాయి, వెనక ఒక గులాబీరంగు ప్లాస్టిక్ తొట్టి. ఆఖరికి మగవాళ్ళ నల్ల రబ్బరు బూట్లు, రెండూ పక్కపక్కనే, ఎవరో నడిచొస్తున్నట్టు.

టెరెల్ మోకాళ్ళలోతు నీళ్ళలోకి దూకి బూట్లు పట్టుకున్నాడు. తనకొచ్చిన జపనీస్ మాట ఒక్కటే, క్షమించండి. దాన్నే పదిసార్లు అన్నాడు, అన్నప్పుడల్లా వంగాడు, వంగినప్పుడల్లా బూట్లలోంచి నీళ్ళు కారాయి. వీధంతా స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. పెర్ల్ కిటికీలోంచి చప్పట్లు కొట్టింది.

తొకి బామ్మ కొక్కెం కర్రతో బయటికొచ్చింది. నీళ్ళని చూసింది. బోర్లాపడ్డ మూతని చూసింది. వణుకుతున్న ఆ పెద్ద మనిషిని కిందనుంచి పైదాకా చూసింది. చూసి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

"నువ్వేనేటి?" అంది.

ఒసనాయి గారు అనువదించారు. టెరెల్ తలదించుకుని, నేనే అన్నాడు.

"పదకొండేల్లు బాబూ! పదకొండేల్ల నుంచీ నీ కోసం సూస్తన్నాను. ఇన్నాల్టికి ఒచ్చినావు!"

ముందు కాలవ బాగుచెయ్యాలి కదా. అందరూ పారలందుకున్నారు. టెరెల్ బోర్లా పడుకుని గడ్డల్ని చేతుల్తో పెకలించాడు, ఎక్కడ తియ్యాలో బామ్మ కర్రతో పొడిచి చూపించింది. అరగంటకి నీళ్ళు కదిలాయి. అప్పుడు బామ్మ కర్ర తెచ్చి టెరెల్ రెండు చేతుల్లో పెట్టింది.

కర్ర పొడుగునా సిరాతో పేర్లున్నాయి. పాతవి మాసిపోయాయి, కొత్తవి కనిపిస్తున్నాయి.

"కాలవ పూడ్చినవాళ్ళ పేర్లు ఇవి," అన్నారు ఒసనాయి గారు కాస్త సిగ్గుపడుతూ. "ఎవరు పూడిస్తే వాళ్ళ దగ్గరుంటుంది ఈ కర్ర. ఇంకొకరు పూడ్చేదాకా రోజూ జల్లెడ కాపలా వాళ్ళదే. ఇదిగో, ఇది నా పేరు. ఇదీ నాదే. అది చిన్నప్పుడు లెండి. చివరిది షోజో గారిది, బామ్మగారి భర్త. పూడ్చిన ఏడాదే పోయారు పాపం."

"మరి పదకొండేళ్ళూ ఈవిడే ఎందుకు చేశారు? మీరు తీసుకోవచ్చుగా?"

"అడగలేదనుకున్నారా? ఒకసారి నేనే కావాలని నాలుగు పారలు ఎక్కువేశాను. చూసేసింది. చీపురు పట్టుకుని వీధి పొడుగునా తరిమింది."

"తెలిసి సేస్తే అది తప్పెలాగవుద్ది? నాటకం," అంది బామ్మ, ఏం చెప్తున్నారో కనిపెట్టేసి. "నా మొగుడు నిజంగా పూడ్సినాడు, నిజంగా మోసినాడు. ఎవుడో జాలిపడి ఒట్టుకుపోతే నా మొగుడి పేరు కింద ఏటి రాస్తాం?"

ఒసనాయి గారు టెరెల్ వైపు తిరిగారు. "మీరు మాత్రం ఇబ్బంది పడకండి. మీరు అతిథులు కాబట్టి..."

"అతిథేటి?" బామ్మ గయ్‌మంది. "అతిథి నా సెప్పులు ఏట్లో ఒదుల్తాడేటి?"

వీధంతా గొల్లుమంది. ఒసనాయి గారు అది అనువదించగానే టెరెల్ కూడా నవ్వేశాడు. నాలుగు నెలల్లో ఎవరూ అతన్ని తిట్టలేదు. ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

అప్పుడే యోలాండా కారొచ్చి ఆగింది. యూనిఫాంలోనే దిగి, తడిసి ముద్దైన మొగుణ్ణీ, అతని చేతిలోని వాసాన్నీ చూసింది.

"లోపల ఇల్లొచ్చింది. మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు. అసలేంటిదంతా?"

"వెళ్ళడానికి వీల్లేదు యోలీ. కాలవ పూడ్చేశాను. ఇంకొకరు పూడ్చేదాకా ఇది నేనే చూసుకోవాలి."

"మూడేళ్ళలో ఎవరూ పూడ్చకపోతే?"

ఆ మాట ఒసనాయి గారు బామ్మకి చెప్పారు. బామ్మ ఆలోచించనైనా లేదు.

"ఆవిడికి సెప్పు. ఈడుండగా ఇంకొకడెందుకు? మల్లీ ఈడే పూడ్సీగలడు."

యోలాండా పగలబడి నవ్వింది. అతని మొహం చూసింది. మ్యాచ్ గెలిచిన రోజు ఉండే మొహం అది, అంత ఘనంగా ఓడిపోయిన రోజున. ఇంకేం అడగలేదు. ఫోన్ తీసి, ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెప్పేసింది. తరవాత లోపలికెళ్ళి మొగుడికి పొడి బట్టలు తెచ్చింది.

ఒసనాయి గారు కుంచె తెచ్చి షోజో పేరు కింద టెరెల్ పేరు రాశారు. పేరు పొడుగైపోయి కర్ర చుట్టూ తిరిగింది. టెరెల్ ఆ నల్ల బూట్లని తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి, బామ్మ గుమ్మంలో వాటి చోట వాటిని పెట్టాడు.

మర్నాడు ఆరుకి ఐదు నిమిషాలుండగా అతను జల్లెడ దగ్గరున్నాడు. బామ్మ ఇంటి కిటికీలు మూసే ఉన్నాయి. పదకొండేళ్ళ తరవాత ఆవిడ తెల్లారిందాకా పడుకుందని తలుచుకుంటే అతనికి తెగ సంతోషమేసింది. చప్పుడైతే నిద్రపాడవుతుందని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గడ్డనీ పసిపాపని ఎత్తినట్టు మెల్లిగా తీసి పక్కన పెట్టసాగాడు.

కిటికీ బెత్తెడు తెరుచుకుంది.

"ఎడంపక్కకి!" అని అరిచింది బామ్మ లోపల్నుంచి. "ఎడంపక్కకి లాగు, మొద్దూ!"

మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. టెరెల్ కర్రని ఎడమపక్కకి లాగాడు.