పిన్ని చేతిలో క్లౌడు తాళం

ఫొటోగ్రాఫరుకు భార్య లక్షసార్లు చెప్పింది. "ఎవరైనా ఫొటోలు అడిగితే లింకు పంపండి. ఆ ఒక్క ఆల్బమే తెరుచుకుంటుంది, అదీ చూడడానికే. గంట కాగానే దానంతటదే మూసుకుంటుంది. మన ఫొటోలన్నీ దాచిన క్లౌడు తాళం మాత్రం ఎవరికీ ఇవ్వకండి. స్టూడియో మొత్తం వాళ్ల చేతిలో పెట్టినట్టే."

వింటే ఆయన ఆయనెందుకవుతాడు? పిన్ని తన కూతురి పెళ్లి ఫొటోలు అడిగింది. లింకు తయారుచేయడానికి బద్ధకించి, బారెడు పొడుగున్న ఆ తాళం అక్షరాలనే కాపీ చేసి పంపేశాడు. సొంత పిన్ని దగ్గర దాపరికమేమిటి!

పిన్నికి ఒక అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా కుదురుగా కూర్చోదు, అలమర సర్దుతుంది. క్లౌడులో ఊరందరి పెళ్లిళ్లూ కనిపించేసరికి ఆవిడ చేతులు ఆగలేదు. కళ్లు మూసుకున్నవాళ్లు, నోరు తెరిచినవాళ్లు, మసకబారినవాళ్లు, అందరినీ ఏరి పారేసింది. ఒకసారి తీసేస్తే వెతుక్కోవడానికి అక్కడ చెత్తబుట్ట కూడా లేదు.

ఆల్బములు చిక్కిపోవడం చూసి భార్య తాళం రద్దు చేసింది. పిన్నికి గంట లింకు పంపింది. ఆవిడ కళ్లజోడు వెతుక్కునేలోగా గంట కాస్తా అయిపోయింది. పైగా ఫొటోగ్రాఫరు ఫోన్ చేసి గయ్యిమన్నాడు. పిన్ని మూతి ముడుచుకుంది.

ఆ సాయంత్రమే కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల తాతయ్య ఈమధ్యే పోయారట.

"ఏ ఫొటోలో చూసినా సీరియస్‌గానే ఉంటారండీ. నా పెళ్లిలో ఒక్కసారి కళ్లు మూసుకుని పకపకా నవ్వారు. అదొక్కటి ఇవ్వండి చాలు."

కళ్లు మూసుకుని! ఫొటోగ్రాఫరు గబగబా ఆల్బము తెరిచాడు. వెతికాడు, లేదు. ఇంకో కాపీ తీసిపెడదామని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాడు. ఆ పిల్ల ముఖం చూడలేక లోపలికి వెళ్లి ఫోన్ తీశాడు.

"పిన్నీ, బోసినోటి పెద్దాయన, కళ్లు మూసుకుని నవ్వుతూ..."

"ఆయనా? తీసేశాగా."

ఫొటోగ్రాఫరు కుర్చీలో కూలబడ్డాడు.

"తీసేసేముందు నా ఫోన్లో దాచుకున్నాలేరా. మీ బాబాయి అచ్చం అలాగే నవ్వేవారు. పారేయబుద్ధి కాలేదు."

ఆయన చటుక్కున లేచాడు. "పంపించు పిన్నీ, నీకు పుణ్యముంటుంది."

"పంపుతా. గంటే టైము. తర్వాత మూసేస్తా."

నిమిషంలో ప్రింటు తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమెను అడిగి, సరేనన్నాక, ఇంకొకటి కూడా తీసి పిన్ని కోసం ఫ్రేము కట్టాడు.