పేరు చెప్పని ప్రార్థన

పిల్లలు చెప్పుకున్నది గది దాటకూడదని కౌన్సెలింగ్ శిక్షణలో కృపకు మొదటి రోజే నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకు పేజీన్నర రాసింది కూడా. రాయడానికేం, ఎవరైనా రాస్తారు.

విజయవాడలో ఆమె కౌన్సెలర్‌గా పనిచేసే కోచింగ్ కాలేజీలో బ్లెస్సీ రెండోసారి నీట్‌కు చదువుతోంది. పామర్రు పిల్ల. తల్లి కడుపులో ఉండగానే ఆ బిడ్డను మిషన్ ఆసుపత్రికి డాక్టరుగా ఇస్తానని తండ్రి ఎలీషా చర్చి సంఘం ముందు నిలబడి దేవునికి మాటిచ్చాడు. అలాంటి పిల్ల ఒక మధ్యాహ్నం కృప ఎదుట కూర్చుని, తనకు డాక్టరీ వద్దని, లా చదవాలని ఉందని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్నకు తానే చెప్పుకుంటానని, అందాకా ఎవరికీ తెలియనివ్వొద్దని బతిమాలింది. కృప సరేనంది. మనస్ఫూర్తిగానే అంది.

కానీ ఆ ఏడుపు ఆమెను వదల్లేదు. శుక్రవారం చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు నోరు ఆగలేదు.

"పామర్రు బిడ్డ ఒకమ్మాయి ఉందమ్మా. పుట్టకముందే డాక్టరుగా ప్రతిష్ఠించారు. ఇప్పుడు తన మనసు వేరే చదువు మీదుంది. ప్రార్థన చెయ్యండి."

పేరు చెప్పలేదు కదా అని ధీమా. ఆ ఊళ్లో పుట్టకముందే డాక్టర్లయిన పిల్లలు ఎంతమంది ఉంటారని ఒక్క క్షణం ఆలోచిస్తే ఏం పోయింది? కూడికలో ఉన్న మార్తమ్మ పుట్టిల్లు పామర్రే. మార్తమ్మ చెడ్డ మనిషేం కాదు. ఆ సాయంత్రమే ఆ ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి, ఆ బిడ్డ కోసం మీరూ ప్రార్థించండని చెప్పింది. ఆదివారం ఆరాధనలో పామర్రు సంఘమంతా బ్లెస్సీ పేరెత్తి ప్రార్థించింది. ఎలీషా తల వంచుకుని విన్నాడు.

మర్నాడు ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. తిట్టిపోస్తాడనుకుంది కృప. తిట్టినా బాగుండేది. ఆయన చేతులు జోడించాడు.

"ప్రార్థన పెట్టించింది మీరేనంటగా అమ్మా. దేవుడు ఆలకించాడండీ. డాక్టరే అవుతానంటోంది."

బ్లెస్సీ నేల చూస్తూ తలూపింది. ఆ మాట తాను బయటపెట్టి ఉండకూడదని, తప్పు తనదేనని, అమ్మాయి ఇష్టం అమ్మాయినే చెప్పనివ్వమని కృప ఆయనతో అంది. దేవుని పనిలో తప్పేముందని ఎలీషా నవ్వాడు. బ్లెస్సీతో విడిగా మాట్లాడాలని ఆమె మరీ మరీ అడిగితే బయట కూర్చుంటానని వెళ్లాడు.

కృప తలుపు వెయ్యబోయింది.

"వెయ్యక్కర్లేదు మేడమ్," అంది బ్లెస్సీ. "వేసినా ఒకటేగా."